అక్కకు ప్రసంగం, తమ్ముడికి ప్రార్థనా?



ఈ వారం కీర్తనల ధ్యానం కొనసాగించాలి. కూర్చున్నాను గానీ కలం కదల్లేదు. మొన్న ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, ఒక సహోదరి నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, మా తమ్ముడి ఇంట్లో కృతజ్ఞత కూడికకు వెళ్లారంట గదా. నన్ను పిలవలేదులెండి. ప్రార్థనలో నా పేరైనా తలచారా?" అని అడిగింది. కోపంగా అడగలేదు. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు అడిగింది.

తలచలేదు. ఆ ఇంట్లో గంటన్నర ఉన్నాను. అరగంట వాక్యం చెప్పాను. దేవుడు ఆ కుటుంబాన్ని ఎలా హెచ్చించాడో చెప్పాను. ఆ కుటుంబంలో పెద్ద కూతురు ఒకతె ఉందని, ఆమె మన సంఘంలోనే ఆడవాళ్ల వైపు చివరి వరుసలో కూర్చుంటుందని నాకు గుర్తు రాలేదు.

ముందే ఒక మాట. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఇలాంటి ఇళ్లు నాకు తెలిసినవి మూడున్నాయి. మూడింటి సంగతులూ కలిపి, గుర్తుపట్టే ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను కాబట్టి ఎవరో ఏమిటో అని వెతక్కండి. నా తప్పు మాత్రం కలపలేదు, మార్చలేదు.

మన సంఘంలో కొన్ని కుటుంబాల పొలాలు రాజధానికి భూములిచ్చిన 29 గ్రామాల్లో ఉన్నాయి. మిగతావాళ్లకు అక్కడ వియ్యాలున్నాయి. 2014 చివర్లో రాజధాని ఇక్కడే అన్న మాట ఖాయమయ్యాక ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కరలేదు. అరటి, పసుపు, కూరగాయలు పండే జరీబు నేల గజాల లెక్కలోకి మారిపోయింది. భూసమీకరణలో 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. జరీబు ఎకరానికి ఏటా 50 వేలు, మెట్టకు 30 వేలు కౌలు, ఏడాదికి 10 శాతం పెంపు, పదేళ్లపాటు. పైగా జరీబు ఎకరానికి 1000 గజాల ఇంటిస్థలం, 450 గజాల వాణిజ్య స్థలం. అమ్ముకున్నవాళ్లకు ఎకరం కోటి దాటింది. ఎరువుల కొట్లో బాకీ తీర్చడానికి పంట దాకా ఆగమని బతిమాలుకున్న మనిషి, ఆరు నెలల్లో విజయవాడలో ఫ్లాటు చూస్తున్నాడు.

ఆ సంవత్సరమే తమ్ముడికి అక్క గుర్తొచ్చింది.

తండ్రి వీలునామా రాయకుండా చనిపోయాడు. కాగితాల్లో వారసులందరి పేర్లూ ఉండాలి, అందరూ సంతకం పెట్టాలి. కారు పంపించాడు. ఆమె ఇప్పటికీ చెబుతుంది, "ముందు సీట్లో కూర్చోబెట్టాడయ్యగారూ" అని. రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లారు. చదువుకోవడానికి కాగితం ఇచ్చారా అని అడిగాను. "మా తమ్ముడే గదా" అంది. హక్కు వదులుకుంటున్నట్టు రాసిన దస్తావేజు మీద సంతకం పెట్టింది, వేలిముద్ర వేసింది. హోటల్లో బిర్యానీ, ఒక పట్టుచీర, పిల్లల చేతిలో చెరో ఐదు వేలు. చీకటి పడేలోపు ఇంటి దగ్గర దించారు. తిరిగి వచ్చేటప్పుడు ఆమెది వెనక సీటు. ముందు దస్తావేజు రాసినాయన కూర్చున్నాడు.

తర్వాత ఫోన్లు తగ్గాయి. మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కు కార్డు పోస్టులో వచ్చింది.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. రాజకీయం నాకు వద్దు, ఆ గొడవలో ఎవరిది న్యాయమో చెప్పడానికి ఇది చోటు కాదు. మన కథకు కావలసింది ఒక్కటే: స్థలాల ధర పడిపోయింది, కొనేవాడు లేడు. ఫ్లాటుకు, కారుకు తెచ్చిన అప్పు మాత్రం పడిపోలేదు. అప్పుడు తమ్ముడు అక్క ఇంటికి నడిచి వచ్చాడు. అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. ఆమె మెడలో గొలుసు తీసి తాకట్టు పెట్టించి డబ్బు ఇచ్చింది. "అక్కా అని పిలిచాడు, ఇంకేం కావాలి" అంది నాతో అప్పట్లో. ఆ నాలుగేళ్లు రాకపోకలు బాగానే ఉన్నాయి. సంక్రాంతికి ఒకచోట అన్నం తిన్నారు.

2024లో ధర మళ్లీ లేచింది. ఫోను మళ్లీ ఎత్తడం లేదు. గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది.

ప్రియులారా, ఒక కుటుంబంలో అనురాగం గజం ధరకు ఎదురు దిశలో నడిచిన పదేళ్ల లెక్క ఇది. ధర దిగితే అక్క, ధర ఎక్కితే "ఆమెకు పెళ్లి చేసి పంపించేశాంగా". దీన్ని చూసి మనం ఏమంటాం? "డబ్బు మనిషిని మార్చేసిందండీ" అంటాం. నేనూ ప్రసంగాల్లో అన్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు చేసినవాడిని పక్కన పెట్టి నోట్లకట్ట మీద నేరం మోపే మాట అది. డబ్బు రాకముందు కూడా ఆ ఇంట్లో ఆడపిల్ల వాటా అనే ఆలోచన లేదు. పంచడానికి ఏమీ లేదు కాబట్టి ఎవరికీ కనబడలేదు. ఎకరంన్నర మెట్ట చేనులో మూడో వంతు అడిగే అక్క ఎవరుంటుంది, అడిగి ఏం చేసుకుంటుంది? ప్రేమగా ఉన్నామనుకున్న రోజుల్లో మనకు పరీక్ష పెట్టినవాడు లేడు, అంతే.

లూకా సువార్త 12వ అధ్యాయం మన ప్రాంతంలో ఈ పదేళ్లుగా ఎక్కువగా ప్రసంగించిన భాగాల్లో ఒకటి. గుంపులో ఒకడు లేచి, తండ్రి ఆస్తిలో భాగం పంచమని మా అన్నతో చెప్పండి అని యేసు ప్రభువును అడిగాడు. మీ మీద నన్ను తీర్పరిగా ఎవరు నియమించారు అని ప్రభువు అన్నాడు. దురాశ గురించి జాగ్రత్త చెప్పాడు. ఇక్కడిదాకా తీసుకుని, వాటా అడిగిన అక్కచెల్లెళ్లకు చెబుతున్నాం: చూశావా అమ్మా, ప్రభువే పంచడానికి ఒప్పుకోలేదు, నువ్వు ఆశపడకు, పరలోకంలో నీ స్వాస్థ్యం ఉంది.

ఆ అధ్యాయం అక్కడ ఆగిపోయిందా? వెంటనే ప్రభువు ఒక ఉపమానం చెప్పాడు. అది ఎవరి మీద? చేయి చాచినవాడి మీద కాదు. భూమి ఒక్కసారిగా విరగపండి, దాచడానికి కొట్లు చాలని ధనవంతుడి మీద. ఆ ధనవంతుడి మాటలు ఈసారి మెల్లగా చదవండి. నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ప్రాణం. భార్య లేదు. అన్నదమ్ముడు లేడు. పొలంలో కోసినవాళ్లు లేరు. అంత సంతోషవార్త వచ్చిన రాత్రి వాడు తనతో తానే మాట్లాడుకుంటున్నాడు. వాడు దొంగతనం చేశాడని ప్రభువు అనలేదు. ఆ మాటల్లో రెండో మనిషి లేడు, అంతే. ఆస్తి చేతిలో ఉన్నవాడికి చెప్పిన ఆ కథను, ఆస్తి పోయిన మనిషికి చదివి వినిపించడం ఎంత తెలివైన అన్యాయం!

ఇంకొక వాక్యభాగం మొదటి కొరింథీ 6వ అధ్యాయం. విశ్వాసులు కోర్టుకు వెళ్లకూడదు, అన్యాయం సహించడం మేలు కాదా అని పౌలు అడుగుతాడు. అది 7వ వచనం. లాయరును కలవాలనుకున్న సహోదరిని మన పెద్దలు ఈ వచనంతోనే ఆపారు. నేనూ అక్కడే ఉన్నాను. 8వ వచనం ఎవరైనా చదివారా? మీరే అన్యాయం చేస్తున్నారు, సొంత సహోదరులనే మోసగిస్తున్నారు అని పౌలు గద్దిస్తున్నాడు. ఏడోది అక్కకు చదివాం, ఎనిమిదోది తమ్ముడికి చదవలేదు. అంతకు ముందు 5వ వచనంలో, సహోదరుల మధ్య తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని పౌలు సిగ్గుపరుస్తున్నాడు. కోర్టుకు వెళ్లవద్దు అంటే ఇక్కడ తీర్చుకోండి అని అర్థం. ఇక్కడా తీర్చం, అక్కడికీ పోనివ్వం అంటే అది పౌలు బోధ కాదు, తమ్ముడికి కాపలా.

"ఆడపిల్లకు కట్నం ఇచ్చాం గదా అయ్యగారూ" అంటారు. కట్నం తన తమ్ముడి చేతికి వచ్చిందా, ఆమె చేతికి వచ్చిందా? మామగారి అప్పు తీరింది, మరిది మోటారు సైకిలు కొన్నాడు. ఆదికాండము 31లో రాహేలు, లేయా తమ తండ్రి గురించి సరిగ్గా ఇదే అన్నారు: పుట్టింట్లో మాకు ఇంకా పాలు ఉందా, మమ్మల్ని అమ్మి వచ్చినదంతా ఆయనే తినేశాడు అని. పరిశుద్ధ గ్రంథంలో ఆడబిడ్డల ఆ ఫిర్యాదును ఎవరూ గద్దించలేదు. సెలోపెహాదు కూతుళ్లు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా మోషే ఎదుట, యాజకుడి ఎదుట, సమాజమంతటి ఎదుట నిలబడి తండ్రి భూమిలో భాగం అడిగారు. వాళ్లకు అన్నదమ్ములు లేరు, అది నిజమే. అయినా వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడే అన్నాడు, సంఖ్యాకాండము 27లో ఉంది. యోబు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పోయినదంతా రెండింతలుగా తిరిగి వచ్చినప్పుడు, అంటే ఒక్కసారిగా ఐశ్వర్యం వచ్చినప్పుడు, ఆయన కూతుళ్లకు వాళ్ల అన్నదమ్ములతో పాటు స్వాస్థ్యం ఇచ్చాడని చివరి అధ్యాయం చెబుతుంది. యోబు శ్రమల మీద నేను కనీసం 20 ప్రసంగాలు చేసి ఉంటాను. ఈ ఒక్క మాట మీద ఒక్కటీ చేయలేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఆడవాళ్లకు చాలామందికి తెలియదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవుడు వీలునామా లేకుండా చనిపోతే, భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలందరికీ సమానం. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. హిందూ వారసత్వ చట్టంలో కూడా మన రాష్ట్రం 1985లోనే సవరణ తెచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మనవాళ్లలో కొందరి రికార్డు ఒక రకం, విశ్వాసం ఒక రకం. ఆ గొడవ ఇప్పుడు వద్దు. ఏ చట్టం కింద చూసినా ఈ రోజున వీలునామా లేని తండ్రి ఆస్తిలో కూతురి వాటా కొడుకు వాటా కంటే తక్కువ కాదు. కేరళలో మేరీ రాయ్ అనే క్రైస్తవ స్త్రీ సొంత అన్నదమ్ముడి మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ పాత తిరువాన్కూరు చట్టం కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు గానీ 5 వేల రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది ఇమ్మనేది. 1986లో కోర్టు ఆ చట్టం చెల్లదంది. ఆ తీర్పును వ్యతిరేకించినవాళ్లలో సంఘాల పెద్దలూ ఉన్నారు. మనం ఎవరి పక్కన నిలబడ్డామో చరిత్రలో రాసి ఉంది.

అన్నదమ్ముల వైపు కూడా న్యాయంగా మాట్లాడాలి. తండ్రికి పక్షవాతం వచ్చినప్పుడు మూడేళ్లు మోసింది ఆ తమ్ముడే. మరదలు మలమూత్రాలు ఎత్తింది, అక్క పండక్కి వచ్చి వెళ్లింది. పంట పోయిన ఏళ్ల అప్పు అతని నెత్తిమీదే ఉంది. ఇవన్నీ లెక్కలోకి రావాలి. కూర్చుని చెప్పుకుంటే ఏ అక్కైనా తన వాటాలో కొంత తగ్గించుకుంటుంది, అలా తగ్గించుకున్నవాళ్లను చూశాను. ఇంకొక సంగతి, కొన్ని ఇళ్లలో అక్క అడగడం లేదు, బావ అడిగిస్తున్నాడు. ధర వినగానే భార్యను పుట్టింటి మీదికి తోలి, వచ్చిన డబ్బు తన పేరున వేసుకునే బావలు కూడా మన బల్లలో పాలుపొందుతున్నారు. వాళ్లకూ ఇదే మాట: అది ఆమెది. ఆమె పేరు మీద ఉండాలి.

తల్లుల గురించి రాయాలంటే చేయి వణుకుతుంది. డబ్బు వచ్చాక ఇల్లు పెద్దదైంది, తల్లికి గది లేదు. ఒక నెల పెద్దాడి దగ్గర, ఒక నెల చిన్నాడి దగ్గర. 31 రోజుల నెలలో ఆ చివరి రోజు అన్నం ఎవరు పెట్టాలని తగువు పడిన ఇల్లు నాకు తెలుసు. ఆ ఇంటివాళ్లు దశమభాగం మాత్రం తప్పకుండా పంపుతారు. మార్కు 7లో ప్రభువు కొర్బాను అని చెప్పి తల్లిదండ్రులను వదిలేసినవాళ్లను ఏమన్నాడో నేను గుర్తుచేయనక్కరలేదు. తల్లులారా, మమ్మల్ని చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చాక పిల్లలు చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయమని అడిగే వీలు 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టంలో ఉంది. ఆర్డీవో ఆఫీసులో అర్జీ పెట్టుకోవచ్చు. షరతు కాగితంలో రాయించుకోవాలి. నోటిమాటను నమ్మి వేలిముద్ర వేయకండి.

ఇప్పుడు నా తప్పు. ఆ కృతజ్ఞత కూడిక అయ్యాక తమ్ముడు ఒక కవరు నా చేతిలో పెట్టాడు. 50 వేలు. మందిరం అవసరాలకు అన్నాడు. నేను ఆ కవరు మీద చేయి పెట్టి ప్రార్థించాను. "మీ దాసుని కష్టార్జితాన్ని అంగీకరించండి ప్రభువా" అన్నాను. కష్టార్జితం! అందులో ఎవరి కష్టం ఎంతో నాకేం తెలుసు? మందిరంలో ఇప్పుడు తిరుగుతున్న కొత్త ఫ్యాన్లు ఆ డబ్బువే. వాటిలో ఒకటి సరిగ్గా ఆ సహోదరి కూర్చునే చోట, నెత్తిమీద తిరుగుతోంది. ఆదివారం ఆమె నాతో మాట్లాడుతుంటే ఆ గాలికి ఆమె పైట కదులుతోంది. నేను తల ఎత్తలేకపోయాను.

మత్తయి 5లో బలిపీఠం దగ్గర కానుక విడిచిపెట్టి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పాడు. ఆ మాట కానుక తెచ్చినవాడికే అనుకున్నాను ఇన్నాళ్లు. తీసుకునేవాడికి కూడా తగులుతుంది. కానుక తెచ్చినవాడు దాన్ని వదిలి వెళ్లాల్సిన చోట, నేను గబుక్కున అందుకుని రసీదు రాసిచ్చాను.

ఇకమీదట భూమి డబ్బు వచ్చిన ఇంట్లో కృతజ్ఞత కూడికకు పిలిస్తే రెండు సంగతులు అడిగి గానీ రాను. మీ ఆడపడుచులను పిలిచారా? మీ అమ్మ ఏ గదిలో పడుకుంటోంది? ఇది వాళ్ల ఇంటి విషయం, పాస్టరుకెందుకు అంటారని తెలుసు. ఇంటి విషయమైతే ఇంట్లో స్తోత్రం చేసుకోవచ్చు, నన్ను పిలవనక్కరలేదు. నన్ను పిలిచారంటే దేవుని పేరు మీద ముద్ర వేయమని పిలిచారు. దస్తావేజు చదవకుండా ముద్ర వేసే పని ఒకసారి చేశాను, చాలు.

ఆ 50 వేలు తిరిగి ఇచ్చేయాలని కమిటీలో చెప్పాను. పెద్దలు ఒప్పుకోలేదు. ఒకాయన, "అట్లా లెక్కలు తీస్తే ఈ మందిరంలో ఏ ఇటుక మిగులుద్ది అయ్యగారూ" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకొకాయన, ఇస్తే ఆ కుటుంబం వేరే సంఘానికి వెళ్లిపోతుందని భయపడ్డారు. వెళ్లవచ్చు. పక్క ఊళ్లో వాళ్లను చేతులు చాచి తీసుకునే సేవకులున్నారు.

నేను మాత్రం నా జీతంలోంచి నెలకు 2 వేలు పక్కన పెట్టి ఆ డబ్బు తమ్ముడి చేతికే తిరిగి ఇస్తానని, ఇచ్చిన ప్రతిసారీ మీ అక్క గొలుసు విడిపించారా అని అడుగుతానని చెప్పాను. "25 నెలలు పడుద్ది" అన్నారు కోశాధికారి, వేళ్ల మీద లెక్కపెట్టి. మా ఇంటావిడకు ఈ సంగతి ఇంకా పూర్తిగా చెప్పలేదు. ఇక్కడ చదువుకుంటుంది.

వాటాల విషయంలో ఎవరైనా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని మాట్లాడుకోవాలనుకుంటే శనివారం సాయంత్రం 5 గంటల నుంచి మందిరం తెరిచి ఉంచుతాను. కాగితాలు తెచ్చుకోండి. చదివి చెప్పడానికి నేనుంటాను. బుధవారం ఉపవాస కూడిక ఎప్పటిలాగే ఉదయం 10 గంటలకు.